మగాళ్లన్న సంగతి మర్చిపోవాలా?

కొన్నేళ్ల క్రితం ‘పారిస్ 05:59’ చూసి ఒక చిన్న రివ్యూ రాశాను. అందులో చివరి వాక్యం నాకు తెగ నచ్చింది: “సినిమా సగానికొచ్చేసరికి వాళ్లిద్దరూ మగాళ్లన్న సంగతే మర్చిపోతాం.” చదివినవాళ్లు మెచ్చుకున్నారు. ఆఫీసులో నా పక్కన కూచునే మిత్రుడొకడు మాత్రం లంచ్ దగ్గర అడిగాడు: “మర్చిపోతే గానీ నచ్చదా రా నీకు?”

వాడు గే. ఆ సంగతి నాకప్పటికే తెలుసు. వాడు సంతోషిస్తాడనుకుని రాసిన వాక్యమే అది.

ఆ వాక్యం నా ఒక్కడిదే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. “ప్రేమకి జెండర్ లేదు”, “అమ్మాయీ అబ్బాయీ అయినా ఇదే కథ” అని మనం ఇప్పటికీ రాస్తూనే ఉన్నాం. పైకి ఇది విశాల హృదయంలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇప్పుడు వట్టి బద్ధకంలా కనిపిస్తోంది. తెర మీద ఏముందో చూడకుండా, మనకి ముందే తెలిసిన కథ చూసుకుని వచ్చేయడం.

తెర మీద ఏముంది? ఒలివియే డ్యుకాస్తెల్, జాక్ మార్తినో కలిసి 2016లో తీసిన సినిమా ఇది. తెల్లవారుజాము 4:27కి ఒక సెక్స్ క్లబ్బులో మొదలై 5:59కి ముగుస్తుంది. తెర మీద గడియారమూ మన చేతి గడియారమూ ఒకేలా నడుస్తాయి. మొదటి ఇరవై నిమిషాలూ దాపరికం లేని శృంగారం. తర్వాత తేయో, హ్యూగో ఖాళీ వీధుల్లోకి వస్తారు. తేయో కండోమ్ వాడలేదని అక్కడ బయటపడుతుంది. హ్యూగోకి హెచ్‌ఐవి ఉంది. కోపం, భయం, హెల్ప్‌లైన్‌కి ఫోను, ఆసుపత్రి, మందులు. వాళ్లిద్దరూ ఒకరికొకరు దగ్గరయ్యేది ఈ దారిలోనే.

“ఆ మొదటి ఇరవై నిమిషాలూ తీసేస్తే ఎంత అందమైన ప్రేమకథ!” అన్నవాళ్లున్నారు. తీసేస్తే ఆసుపత్రికి ఎందుకు వెళ్తారండీ? ఆ రాత్రి వాళ్లు మోసే బరువంతా ఆ గదిలోంచి వచ్చిందే.

హెచ్‌ఐవి ఆడా మగా మధ్య కూడా వస్తుంది కదా అనొచ్చు. వస్తుంది. కానీ వైరస్ సోకే అవకాశం ఉన్నప్పుడు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులుంటాయనీ, ఎవరికి ఫోన్ చేయాలనీ హ్యూగోకి తెలియడం వెనక ఒక చరిత్ర ఉంది. 1984లో తత్వవేత్త ఫూకో ఎయిడ్స్‌తో చనిపోయాడు. ఆయన సహచరుడు డానియెల్ డెఫేర్ ఆ ఏడాదే ఎయిడ్స్ రోగుల కోసం ఒక సంస్థ పెట్టాడు. తమవాళ్లని పోగొట్టుకుంటూ గే మగాళ్లు కూడబెట్టుకున్న జ్ఞానం అది. ఆ తెల్లవారుజామున హ్యూగో తేయోకి ఇస్తున్నది అదే. అమ్మాయీ అబ్బాయీ అని మార్చి చూస్తే ఈ చరిత్రంతా పోతుంది.

“అలా మర్చిపోబట్టే కదా మామూలు ప్రేక్షకుడు కనీసం గుమ్మం దాటి లోపలికొచ్చేది?” అంటారు. ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. నేనూ అలాగే వచ్చాను. కానీ లోపలికొచ్చి ఇన్నేళ్లయ్యాక కూడా కళ్లు మూసుకునే ఉంటే ఎలా?

మన దగ్గర ఈ మర్చిపోవడానికి ఖరీదుంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 నీడ తొలగించింది. 2023 అక్టోబరు 17న అదే కోర్టు స్వలింగ వివాహాలకి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. ప్రేమ అందరిదీ ఒకటే అని మనం రివ్యూల్లో తీర్పులిచ్చేస్తున్నాం. నా మిత్రుడూ, వాడితో ఆరేళ్లుగా ఉంటున్న మనిషీ అద్దె ఇంటి ఓనరుకి ఇప్పటికీ “కజిన్స్”. గత ఏడాది వాడికి అపెండిసైటిస్ ఆపరేషనైతే, ఆసుపత్రి ఫారంలో ‘రోగికి ఏమవుతారు’ అన్న గడిలో ఆ మనిషి “ఫ్రెండ్” అని రాశాడు. సంతకానికి మాత్రం ఊర్నించి అన్నయ్య రావాల్సొచ్చింది.

వాళ్లిద్దరూ మగాళ్లన్న సంగతి ఆ గడి మర్చిపోలేదు. నేనెలా మర్చిపోయానో వాడికి ఇంకా జవాబు చెప్పలేదు. ఈ వ్యాసం ముందు వాడికే పంపుతున్నా.