ఉప్పాడను ఎవరడిగారు?

మొంథా తుఫాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. అది దాటింది అక్కడైనా ఉప్పాడకు దెబ్బ తప్పలేదు. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు మళ్లీ కోసుకుపోయింది. మాయాపట్నం, సుబ్బంపేట ఇళ్ల మీదికి కెరటాలు మళ్లీ ఎగబడ్డాయి. అప్పట్నుంచి అందరి నోటా సముద్రానికి అడ్డుగా కట్టే రక్షణ గోడ మాటే. 323 కోట్ల ప్రతిపాదన ఎంతవరకు వచ్చింది, రాయి ఎక్కణ్నుంచి తెస్తారు, కేంద్రం ఎప్పుడు సరేనంటుంది! ఈ వారం కూడా నేను విన్నది అదే. ఇంత చర్చలోనూ ఊరివాళ్లు ఏమంటున్నారని అడిగిన పెద్దమనిషి నాకు ఒక్కడూ కనబడలేదు. నా కోపమంతా అక్కడే.

గోడ వద్దని నేననడం లేదు. రేపు వాయుగుండం పడితే ఇల్లు నిలబడాలి. కానీ 2010 ప్రాంతంలో ఇసుక నింపిన జియో ట్యూబులు వేసినప్పుడూ ఇంతే ధీమాగా చెప్పారు. అవి దెబ్బతిన్నాయి, కోత ఆగలేదు. ఆ తర్వాత పోసిన రాళ్లూ జారిపోతూనే ఉన్నాయి. గోడ ఎన్నాళ్లు నిలుస్తుంది, అది నిలిచినన్నాళ్లలో ఊరు ఏం చేసుకోవాలి? గోడ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ కోత పెరుగుతుందని తీరం మీద పనిచేసే ప్రతి ఇంజనీరుకీ తెలుసు. ఆ పక్క పేటవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పాలా వద్దా? ముప్పై ఏళ్ల తర్వాత ఉప్పాడ ఎక్కడుండాలి, ఎలా ఉండాలి అన్నది అసలు ప్రశ్న. దాన్ని టెండరు కాగితాల్లో తేల్చెయ్యకూడదు.

ఉప్పాడ ఒక్క వృత్తి ఊరు కాదు. వేటకు వెళ్లేవాడికి సముద్రం కంటి ముందుండాలి, పడవా వలా ఇంజనూ చేతికందేంత దూరంలో ఉండాలి. ఐదు కిలోమీటర్లు లోపలికి ఇల్లిస్తే, తెల్లవారుజామున గాలి ఎటు తిరిగిందో అతనికి ఎలా తెలుస్తుంది? ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్లకు ఇల్లొక్కటే చాలదు, చేపలు ఆరబెట్టుకోవడానికి ఇసుక మేర కావాలి. ఆ జాగా ఎవరి పట్టాలోనూ ఉండదు. అది సముద్రంలో కలిసిపోయినా పరిహారం జాబితాలోకి ఎక్కదు. ఇక మగ్గాలవాళ్ల సంగతి పూర్తిగా వేరు. 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న జాందానీ చీర నేసేది గుంట మగ్గం మీద. ఆ గుంటలో తడి చేరకూడదు. నేతగాడు లోపలికి వెళ్లిపోతానంటాడేమో, వేటగాడు కదలనంటాడేమో. ఒకే ఇంట్లో తండ్రి ఉంటానంటాడు, కాకినాడలో చదువుకున్న కొడుకు వద్దంటాడు. వీళ్లందరినీ ఒక్క సర్వే ఫారంలో ‘లబ్ధిదారులు’ అని రాసేస్తే సరిపోతుందా?

జనాన్ని అడగడం ఎవరి దయా కాదు, అది నిబంధనల్లోనే ఉంది. మనం సీఆర్‌జెడ్ అని పిలుచుకునే తీరప్రాంత నియంత్రణ ప్రకటన 2019 జనవరి 18న వచ్చింది. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన తీర గ్రామాల్లో, పెద్ద పోటుకు నీళ్లు చేరే గీత నుంచి 50 మీటర్ల వరకే కట్టడాలకు నిషేధమని అందులో రాశారు. 2011 ప్రకటన ప్రకారం అది 200 మీటర్లు. అయితే తీర నిర్వహణ ప్రణాళికను సంప్రదింపులు జరిపి తయారుచేసి, దానికి ఆమోదం పొందితేనే ఆ 50 వర్తిస్తుంది. లేకపోతే పాత 200 మీటర్లే. జనాన్ని అడిగామన్న ఒక్క ముద్రతో 150 మీటర్ల మేర తీరం తలరాత మారిపోతుంది! అంత విలువైన ముద్ర ఎలా పడాలి? ముసాయిదా పటాల మీద విచారణ జిల్లా స్థాయిలో జరగాలని అదే ప్రకటన చెబుతోంది. ఉప్పాడ దగ్గరి కోనపాపపేట మనిషి తన ఊరి పటం చూసుకోవడానికి వేట మానుకుని కాకినాడ పోవాలన్నమాట. మత్స్యకారుల ఇళ్ల అవసరాలకు దీర్ఘకాలిక ప్రణాళిక వెయ్యాలని 2011 ప్రకటనలోనే ఉంది. ప్రతి తుఫానుకీ పునరావాస కేంద్రంలో చాపలు పరుచుకునే కుటుంబాలను అడగండి, ఆ ప్రణాళిక ఎక్కడుందో.

ఇక భాష. ఈ మాట ఇక్కడ చాలాసార్లు రాశాను, ఇంకా రాస్తాను. ప్రాజెక్టుల అనుమతులకు సంబంధించిన 2006 పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. సభకు కోరం అక్కర్లేదు, ఎంత తక్కువమంది వచ్చినా సభ జరిగినట్టే. వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో కలెక్టరేటు, జిల్లా పరిషత్తు వంటి కార్యాలయాల్లో ఉంటుంది. మన భాషలో ఇచ్చి తీరాల్సింది సారాంశం ఒక్కటే. ఆ సారాంశాలు నేను చదివాను. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియని తెలుగు అది. తన బతుకు మీద రాసిన కాగితం తనకు అర్థం కాకపోతే మనిషి సభలో ఏం మాట్లాడతాడు? ఉద్యోగం అడుగుతాడు, పరిహారం అడుగుతాడు, లేదా మైకు లాక్కుని అరుస్తాడు. అతను అరిచాడనే మనం రాస్తాం, ఎందుకు అరవాల్సి వచ్చిందో రాయం.

2020లో కేంద్రం ఆ ప్రకటననే మార్చాలని ముసాయిదా తెచ్చి, నోటీసు గడువు 20 రోజులకు తగ్గించాలని చూసింది. ఆ ముసాయిదా వచ్చిందీ ఇంగ్లీషు, హిందీల్లోనే. ఎనిమిదో షెడ్యూలు భాషల్లోకి అనువదించండని ఆ ఏడాది జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెబితే, ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోట్లమంది మాట్లాడే భాషలోకి ఒక పత్రాన్ని మార్చమంటే అంత వ్యతిరేకత ఎందుకు? తెలుగు రాష్ట్రాల పార్టీలు దాన్ని తమ గొడవగా తీసుకోనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. మూల పత్రం మొత్తం తెలుగులో రావాలి. ఊరి బడిపంతులు చదివి అర్థమవుతోందన్నాకే అచ్చు కావాలి. పటంలో సర్వే నంబర్లతో పాటు గుడి, ఐస్ ఫ్యాక్టరీ, పడవలు లాగే రేవు, వలలు కుట్టే చెట్టు ఉండాలి. అప్పుడు చదువురాని ముసలమ్మ కూడా వేలు పెట్టి ‘ఇక్కడ వద్దు’ అనగలదు.

చెయ్యలేరా అంటే చెయ్యగలరు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. ఉపాధి హామీ పనుల కోసం జరిపిన సభలవి. వాటిని ముందుకు నడిపించిన పంచాయతీరాజ్ మంత్రి, ఉప్పాడ ఉన్న పిఠాపురం నియోజకవర్గపు శాసనసభ్యుడు, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గారే. పర్యావరణ శాఖ కూడా ఆయన చేతిలోనే ఉంది. రాష్ట్రమంతా ఒక్క రోజులో చేసిన పని, సముద్రం ఒడ్డున పదీ పదిహేను పేటల్లో చెయ్యడానికి అడ్డేమిటి?

అడగకుండా తేలిస్తే ఏమవుతుందో చూశాం. వేల్స్‌లో ఫెయిర్‌బోర్న్ అనే తీర గ్రామాన్ని కొన్ని దశాబ్దాల తర్వాత కాపాడబోమని అధికారుల ప్రణాళికలో రాసుకున్నారు. చాలామంది గ్రామస్థులకు ఆ సంగతి 2014లో టీవీ చూశాకే తెలిసింది. మన పక్కనే ఒడిశాలో కేంద్రపడ జిల్లా సాతభాయ నుంచి 571 కుటుంబాలను 2018లో బాగపటియాకు తరలించారు. ఇల్లు దొరికింది గానీ పని దొరక్క కుర్రాళ్లు కేరళ దారి పట్టారు. కోత వల్ల నిర్వాసితులయ్యేవారి పునరావాసానికి 15వ ఆర్థిక సంఘం 2021–26కి 1,000 కోట్లు, కోత నివారణకు 1,500 కోట్లు సిఫార్సు చేసింది. అందులో మనం ఎంత అడిగామో, ఎవరిని సంప్రదించి అడిగామో జనం ముందు పెట్టాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేటకు నిషేధం. ఆ 61 రోజులూ ఆ పడవలు ఒడ్డునే ఉంటాయి, మగవాళ్లు చాలామంది ఊళ్లోనే ఉంటారు. సభలు పెట్టాల్సింది అప్పుడు. మండల కార్యాలయంలో కాదు, పేట పేటకీ, సాయంత్రం పూట. ఆడవాళ్లకు విడిగా ఒకటి, మగ్గాలవాళ్లకు విడిగా ఒకటి.

ఇన్ని మాటలూ గోడ చుట్టూనే తిరుగుతుంటే గోదావరి మాట ఎవరూ ఎత్తరేం? ఉప్పాడ ఒక్కటే మునగడం లేదు, డెల్టా మొత్తం ఇసుకకు మొహం వాచింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యుడు కె. నాగేశ్వరరావు బృందం లెక్క ప్రకారం 1970లలో గోదావరి ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000–06 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల అంచున 1965–2008 మధ్య వచ్చిన నేల కంటే పోయిన నేల 76 చదరపు కిలోమీటర్లు ఎక్కువ. ఒండ్రు ఎగువ జలాశయాల్లో ఆగిపోతోంది, మిగిలిన ఇసుక లారీలెక్కుతోంది. ధవళేశ్వరం ఆనకట్టే మనకు అన్నం పెట్టింది, కాదనను. కానీ నది పంపకాల మీద ఇన్ని సమావేశాలు జరిగితే, ఉప్పాడ, అంతర్వేది, ఓడలరేవుల నుంచి ఎవరినీ పిలిచి కూర్చోబెట్టలేదు. నీటివాటాకు రైతు ఉన్నాడు, ఒండ్రువాటాకు ఎవరూ లేరు. పోలవరం నిండితే ఇంకెంత ఒండ్రు వెనకే ఉండిపోతుందో లెక్క కట్టి, ఆ లెక్కను తెలుగులో అచ్చువేసి, వచ్చే ఏప్రిల్ 15న పడవలు ఒడ్డెక్కే లోపు ఆ మూడు ఊళ్లకూ పంచమనండి.