అరవైకి ముందే వచ్చే విరమణ

ప్రభుత్వోద్యోగుల విరమణ వయసును తెలంగాణ 2021లో 58 నుంచి 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 60 నుంచి 62కి పెంచాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సంతాన సాఫల్య రేటు తెలంగాణలో 1.8, ఆంధ్రలో 1.7 మాత్రమే, రేపు సంపాదించేవాళ్లు తగ్గి, వృద్ధులు పెరుగుతారు కనుక ఆ పెంపు సబబే. 1983లో యువతకు ఉద్యోగాలిస్తామంటూ ఎన్టీఆర్ ప్రభుత్వం 58ని 55కు తగ్గించినా, ఆ తగ్గింపు ఎంతోకాలం నిలవలేదు. పెద్దలు కుర్చీ ఖాళీ చేయకపోతే కుర్రాళ్ల గతేమిటన్న ప్రశ్న సర్కారు కొలువుల్లో న్యాయమైనదే, ఎందుకంటే అక్కడ మంజూరైన పోస్టులు పరిమితం. అందుకే పెంపుతోపాటే ఖాళీల భర్తీకి గడువులూ ప్రకటించాలి. ప్రాజెక్టులను బట్టి కొలువులు పెరిగే, తరిగే హైటెక్ సిటీ ఐటీ కంపెనీల సమస్య వేరు. అక్కడ నియమావళిలో ఎంత వయసు రాసి ఉన్నా, జీతం ఎక్కువ, నైపుణ్యం పాతది అనే లెక్కతో నడివయసులోనే ఇంటికి పంపగలరు. భవిష్య నిధి పింఛను పథకంలో పూర్తి పింఛను 58కి గానీ రాదు. 2014లో ఖరారైన కనీస పింఛనేమో నెలకు వెయ్యి రూపాయలు. నడివయసువారికి కంపెనీ ఖర్చుతో కొత్త శిక్షణ, వయసు సాకుతో తొలగించకుండా చట్టరక్షణ లేకుండా విరమణ వయసు పెంచితే, హైటెక్ సిటీ ఉద్యోగికి పెరిగేది పని చేసే కాలం కాదు, పింఛను కోసం ఎదురుచూసే కాలం.