తల్లులతో మాట: ప్రక్కింటి పిల్లవాడు



పదునారేండ్ల కూతురు పెరటిగోడ చెంత నిలుచుండు వేళలు పెరిగినవని తల్లికి ఎవ్వరును చెప్పనక్కరలేదు. మొదట తల దువ్వుకొనుటలో శ్రద్ధ హెచ్చును. పిదప పుస్తకము చేతనున్నను పుట మరలదు. గోడ కావలి పిల్లవాడు మన భాషవాడు, మన కులమువాడు అయినచో ఆ సంగతి ఇంట నవ్వులాటగా పోవును. కానిచో ఆ రాత్రియే తండ్రి చెవిని పడును.

విశాఖపట్టణమున ఇట్టి గోడలు మెండు. 1933లో రేవు తెరువబడినది మొదలు, ఓడల నిర్మాణశాల, నౌకాదళము, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము, ఒక్కొక్కటియు నానా ప్రాంతముల జనమును ఈ యూరికి రప్పించినవి. క్వార్టర్లు ఇచ్చువారు ఉద్యోగపు హోదా చూతురుగాని కులగోత్రములు చూడరు. ఒక యింట ఎండుచేపలు వేగుచుండగా ప్రక్కయింట కిటికీలు మూయుదురు. పెద్దలు ఇరువదియేండ్లు నమస్కారములతోనే గడపుదురు. ఒరియావారి పఖాళమును మన చద్దియన్నమును ఒకటేయని వారికంటె ముందు పిల్లలు కనిపెట్టుదురు.

ఇట్టి రెండిండ్ల కథనే కె. బాలచందరుగారు 1978లో ‘మరోచరిత్ర’ యను చిత్రముగా తీసిరి. చిత్రీకరణ విశాఖ, భీమునిపట్టణముల తీరమున జరిగెను. తమిళుల పిల్లవాడు బాలుగా కమలహాసన్, ప్రక్కింటి తెలుగుపిల్ల స్వప్నగా సరిత నటించిరి. సరితకు అదియే తొలిచిత్రము. మదరాసులో ఈ చిత్రము తెలుగులోనే ఏడాదికి పైగా ఆడెననుట వింతగాదా? తెరమీది తల్లిదండ్రులు ఒకరి భాషనొకరు సహింపలేకుండగా, తెరముందరి తమిళులకు మన భాష అడ్డు కాలేదు.

కథలో పెద్దలు ఒక నియమము పెట్టుదురు. ఏడాదిపాటు ఇరువురును కలియరాదు, ఉత్తరమైనను వ్రాయరాదు. అప్పటికిని మనసులు మారనిచో పెండ్లి చేయుదురు. పిల్లవాడు హైదరాబాదునకు పోవును. ఏడాది గడచి మరల కలియబోవు వేళ ఇరువురును మరణింతురు. చూచినవారు ఆ మరణములకే కన్నీరు విడిచిరి. నాకు మాత్రము ఆ నియమముననే విషమున్నట్లు తోచును. ఏడాది ఆగుమనుట తప్పుగాదు. ఆ వయసునకు మూడేండ్లు ఆగుమన్నను నేను కాదనను. ఉత్తరములు మాన్పుటయే క్రూరము. మాట అందని చోట ఇతరుల మాటయే సత్యమై కూర్చుండును. అంత ప్రేమించిన బాలుసైతము ఒక దశలో స్వప్న మారెనని తలచి మరియొకతెను పెండ్లాడ బూనును. నేడు కూతురి చేతి ఫోను లాగుకొని బీరువాలో పెట్టుట ఆ నియమమునకు చెల్లెలే.

ఇక చట్టము మాట. ఆ చిత్రము వచ్చిన 1978లోనే ఆడపిల్ల వివాహవయసు 15 నుండి 18 ఏండ్లకు, మగపిల్లవానిది 18 నుండి 21 ఏండ్లకు పెంపబడెను. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారి సమ్మతి సమ్మతిగా ఎంచబడదు. పిల్ల ఇష్టపడియే వెళ్ళినను, దేహసంబంధము జరిగినచో నేరమే. కోపముతో ఠాణాకు పోయి ఫిర్యాదు వ్రాసియిచ్చిన తండ్రి, కోపము చల్లారిన పిమ్మట కేసు మాన్పింపజాలడు. పిల్లవాడు ముద్దాయి యగును. మన పిల్ల వైద్యుల యెదుటను, మేజిస్ట్రేటు యెదుటను తన రహస్యము చెప్పుకొనవలసివచ్చును. బలవంతము, మోసము ఉన్నచోట చట్టమును ఆశ్రయింపక తప్పదు, అందు జంకవలదు. ప్రక్కింటివారి భాష గిట్టనందుకు మాత్రము దానిని ఆయుధముగా చేసికొనుట తగదు.

ఈ చట్టమును పిల్లకు చెప్పవలసినది తల్లియే. బెదిరింపుగా కాదు, వంటయింట కూరలు తరుగుచు, తోడి స్త్రీకి చెప్పినట్లు. అటుపిమ్మట ప్రక్కింటి తల్లిని చూడబోవలెను. ఆమెకు తెలుగు రాకపోవచ్చును, మీకు ఆమె భాష రాకపోవచ్చును. ఆమెయు మీవలెనే నిద్రలేక యుండును. పిల్లల చదువులు ముగియువరకు మాటలు వీధియరుగు మీద, పదిమంది కన్నుల యెదుట సాగనిండని ఇద్దరును కలిసి చెప్పినచో పిల్లలు వినకపోరు. అప్పటికి ఆ మమత సడలిన సడలును, నిలిచిన నిలుచును. నిలిచినచో కులమతభేదములతో పనిలేక రిజిస్ట్రారు యెదుట పెండ్లియాడుటకు 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము ఉండనే యున్నది.