కుక్కకు విసిరిన కార్జం ముక్క ఖరీదెంత?

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ఆదివారం ఉదయం ఊరి రోడ్డు పక్కన కొమ్మకు వేలాడదీసిన పొట్టేలు, కింద కాచుకుని కూర్చున్న కుక్కలు కొత్త దృశ్యమేమీ కాదు. కార్జంలో తెల్లటి నీటి బుడగలు కనిపిస్తే కొట్టువాడు ఆ మేరకు కోసి అటు విసిరేస్తాడు. కొన్నవాడికి శుభ్రమైన ముక్క దక్కింది, కుక్క కడుపు నిండింది, లెక్క తీరిపోయిందనుకుంటాం. అసలు బాకీ అక్కడే మొదలవుతుంది.

ఆ బుడగలే హైడాటిడ్ తిత్తులు. వాటి లోపలి పిల్లపురుగులు కుక్క పేగుల్లో బియ్యపు గింజంత బద్దె పురుగులవుతాయి. వాటి గుడ్లు మలంతో బయటపడి గడ్డి మీదా, కుంటల్లోనూ చేరతాయి. ఆ గడ్డి మేసిన, ఆ నీళ్లు తాగిన గొర్రెకూ గేదెకూ కార్జంలో, ఊపిరితిత్తుల్లో మళ్లీ తిత్తులు పుడతాయి. మాంసం తింటే మనిషికి ఈ జబ్బు రాదు. కుక్కను నిమిరి చేతులు కడుక్కోకపోతేనో, గుడ్లు అంటిన నీరు, కూరగాయల వల్లనో వస్తుంది. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరిగి, చివరికి ఆపరేషన్ బల్ల ఎక్కిస్తుంది.

ఈ జబ్బు వల్ల దేశానికి ఏటా సుమారు 1,147 కోట్ల రూపాయల నష్టమని 2014లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. అందులో పదింట దాదాపు తొమ్మిది వంతులు ఆవులు, గేదెల ఖాతాలోవే. పారేసిన కార్జం అందులో కంటికి కనిపించే భాగం. తగ్గిన పాలు, పెరగని బరువు కనిపించని భాగం. వాన ముఖం చాటేస్తే పశువులే బ్యాంకుగా బతికే పశ్చిమ ప్రకాశంలో ఆ కనిపించని భాగమే రైతు నడ్డి విరుస్తుంది. అయితే ఈ పెద్ద పశువుల్లోని తిత్తులు సాధారణంగా చాలావరకు పిల్లపురుగులు లేని గొడ్డు తిత్తులు. వ్యాధిని ఎక్కువగా కుక్కలకు చేరవేసేది గొర్రెల్లోని తిత్తులు. అంటే డబ్బు పోయేది గేదె దగ్గర, విత్తనం పడేది పొట్టేలు కోసే చెట్టు కింద. 2019 పశుగణన ప్రకారం 1.76 కోట్ల గొర్రెలున్న రాష్ట్రానికి ఇది చిన్న విషయం కాదు.

మరి పట్టించుకోమేం? నష్టం మూడు జేబుల్లో పంచుకుపోవడమే కారణం. కార్జం డబ్బు కొట్టువాడిది, పాల డబ్బు రైతుది, ఆపరేషన్ ఖర్చు రోగిది. వ్యర్థాలు పూడ్చే గుంత తవ్వాల్సింది మాత్రం పంచాయతీ. తవ్వినందుకు దానికి పైసా మిగలదు, తవ్వకపోతే అడిగేవారూ లేరు. జీవాలకు నట్టల మందు తాగిస్తూనే ఉన్నాం కదా అని సరిపెట్టుకోవడానికీ లేదు. ఆ మందు పేగుల్లోని నట్టలకు పనిచేస్తుంది గానీ కార్జంలో పాతుకున్న తిత్తిని కరిగించదు. మందు పడాల్సింది కుక్కకు.

న్యూజిలాండ్ ఈ సంగతి గ్రహించి 1959లో చట్టం చేసింది. కుక్కలకు క్రమం తప్పకుండా మందు వేసింది, పచ్చి పేగులూ కార్జాలూ వాటికి పెట్టకుండా కట్టడి చేసింది. 2002 నాటికి వ్యాధి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని ప్రకటించగలిగింది. నలభై ఏళ్లకు పైగా పట్టింది గానీ, అద్భుతమైన టీకా ఏదీ కాదు, విసుగులేని క్రమశిక్షణే గెలిచింది.

మనకూ 2001 నాటి కబేళా నిబంధనలున్నాయి. పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి పరీక్షించకూడదన్నంత వివరంగా రాశారు. కానీ చెట్టు కింద కోసే పొట్టేలును చూసే పశువైద్యుడే ఉండడు. ప్రతి కోతనూ కబేళాకు తరలించడం రేపటికి రేపు అయ్యే పని కాదు. అందుకే ముందు చేయగలిగినవి చేయాలి. మాంసం అమ్మే ప్రతి ఊళ్లో కుక్కలు తవ్వలేనంత లోతున, మూత ఉన్న గుంత ఒకటి కావాలి. జీవాలకు నట్టల మందు పోసే రోజునే కాపరుల కుక్కలకు ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయాలి. అది ఏడాదికోసారి సరిపోదు కాబట్టి మళ్లీ మళ్లీ వేసే ఏర్పాటూ ఉండాలి. ఊరకుక్కలను పట్టి ఆపరేషన్ చేసేటప్పుడు అదే మాత్ర వాటికీ పడాలి. కబేళాల్లో తిత్తులు కనిపించిన ప్రతిసారీ జీవం ఏ ఊరిదో రాసి పెట్టుకుంటే, మాత్రలు ముందు ఎక్కడికి పంపాలో తెలుస్తుంది.

కుక్క నేరస్థురాలు కాదు, మనం విసిరింది తింది. తప్పు విసిరిన చేతిది. ఆ చెయ్యి కార్జం ముక్కను అటు కాకుండా గుంతలోకి విసిరేలా చేయడానికి కోట్లు అక్కర్లేదు. ముందు ఆ గుంత ఉండాలి.