ఎర్రనివన్నీ స్టీరింగ్ ఆయిలేనా?

"అన్నిటికీ ఇదేనండీ. పవర్ స్టీరింగంటే ఎర్రాయిలే." పాత కారు బానెట్ ఎత్తిన చోటల్లా ఈ మాట వినిపిస్తుంది. చెప్పేది షెడ్డులో ముప్పై ఏళ్ళు చేతులు నల్లగా చేసుకున్న మేస్త్రి కావచ్చు, ఆయిల్ కొట్టులో కౌంటర్ మీద కూర్చున్న కుర్రాడు కావచ్చు, పక్కింటి పెద్దమనిషి కావచ్చు. అందరూ ఒకే ధీమాతో చెబుతారు. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకునే అమాయకత్వం మనుషుల విషయంలో ఒక్కోసారి ముచ్చటగా ఉంటుందేమో. బండి విషయంలో మాత్రం అది పంపునీ ర్యాకునీ తినేస్తుంది.

మా బావగారి దగ్గర 2000 నాటి హోండా సిటీ ఉండేది. కన్నబిడ్డలా చూసుకునేవారు. ఒకసారి స్టీరింగ్ ఆయిల్ నల్లబడిందని ఒక షెడ్డులో మార్పించారు. పాతదంతా తీసి ఎర్రది నింపారు. కొన్నాళ్ళకి పొద్దున్నే స్టార్ట్ చేసి చక్రం తిప్పితే గుయ్‌మని మూలుగు మొదలైంది. ఇంకొన్నాళ్ళకి ర్యాక్ చివర రబ్బరు బూటు నొక్కితే లోపల ఆయిల్ గిలకరించేది. నేను వెళ్ళి బానెట్ ఎత్తి, ఆయిల్ డబ్బా మూత మీది దుమ్ము బొటనవేలితో తుడిచాను. హోండా వాళ్ళ సొంత పవర్ స్టీరింగ్ ఫ్లూయిడే వాడాలని ఆ మూత మీదే అచ్చు పోసి ఉంది. అది ఎర్రది కాదు, లేత తేనె రంగులో ఉంటుంది. మరో రకం ఫ్లూయిడ్ గానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ గానీ పోస్తే అరుగుదల పెరుగుతుందని, చలిలో స్టీరింగ్ సరిగా తిరగదని కంపెనీ సర్వీసు పుస్తకం స్పష్టంగా హెచ్చరిస్తుంది. ఆ కారు సీళ్ళు అప్పటికే ముదిరి ఉండొచ్చు, నష్టమంతా ఎర్రాయిల్ వల్లేనని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. కానీ పోసే మనిషి చేతిలోనే ఉన్న మూతని చదవకుండా పోశాడు. నా కోపం దాని మీదే.

ఈ అలవాటు అజ్ఞానంలోంచి పుట్టింది కాదు, అది కూడా చెప్పాలి. అమెరికాలో జనరల్ మోటార్స్ 1949లో ఆటోమేటిక్ గేర్‌బాక్సుల కోసం 'టైప్ ఏ' అనే ఆయిల్‌ని నిర్దేశించింది. రెండేళ్ళకి, 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో పవర్ స్టీరింగ్ బజారులోకొచ్చింది. చేతికందే హైడ్రాలిక్ ఆయిల్ గేర్‌బాక్సుదే కాబట్టి చాలా కంపెనీలు స్టీరింగ్‌కీ దాన్నే వాడాయి. 1967లో జనరల్ మోటార్స్ నుంచే డెక్స్రాన్ అనే గేర్‌బాక్స్ ఆయిల్ వచ్చింది. దానికి ఎర్ర రంగు కలిపేది బండి కింద కారిన మరక ఇంజన్ ఆయిల్‌దా ఇంకోటా అని పోల్చుకోవడానికే. ఆ రంగు బేరింగ్‌ని కాపాడదు, సీలుని మెత్తగా ఉంచదు. అది వట్టి రంగు.

మన దగ్గర అంబాసిడర్, పద్మిని నడిపిన తరానికి పవర్ స్టీరింగ్ అంటే సొంత భుజబలమే. 2000లో టయోటా క్వాలిస్ వచ్చింది. ఊరూరా టాక్సీ అయింది. దానికి కంపెనీ చెప్పింది డెక్స్రాన్ టూ లేదా త్రీ, అంటే ఎర్రాయిలే. క్వాలిస్‌కి ఎర్రాయిల్ పోసిన మేస్త్రి సరిగ్గానే పోశాడు. తప్పు తర్వాత జరిగింది. ఒక బండికి నిజమైనది అన్ని బండ్లకీ సూత్రమైపోయింది.

ఆయిల్ ఆయిల్‌కీ తేడా ఎంతో లెక్కలో చూద్దాం. ఆయిల్ చిక్కదనాన్ని 40 డిగ్రీల వేడి దగ్గర సెంటీస్టోకుల్లో కొలుస్తారు. డెక్స్రాన్ త్రీ రకం సుమారు 35 ఉంటుంది. 2001లో మన దేశానికి వచ్చిన స్కోడా ఆక్టేవియాలో పోసే ఆకుపచ్చ సింథటిక్ ఆయిల్ 20కి అటూ ఇటూ ఉంటుంది. జేసీబీలకీ ట్రాక్టర్లకీ పీపాల్లోంచి లూజుగా కొలిచి అమ్మే '68 హైడ్రాలిక్' పేరులోనే ఉంది, 68. ఒకటి మజ్జిగైతే ఒకటి గంజి. 20 చిక్కదనానికి కొలత పెట్టి చెక్కిన సన్నని దారుల్లో 68ని తోస్తే పంపు ఏమవుతుంది? 'ఆల్ వెహికల్' అని ముద్రేసి అమ్మే సీసా ఏకకాలంలో 20గానూ 35గానూ ఎలా ఉంటుంది? ఆ సీసా తయారుచేసినవాళ్ళే జవాబు చెప్పాలి.

ఇంతకంటే ఘోరం ఇంకొకటుంది. దారిలో స్టీరింగ్ ఆయిల్ తగ్గితే పక్క కొట్లో బ్రేక్ ఆయిల్ కొని పోసేస్తారు. బ్రేక్ ఆయిల్ పెట్రోలియం జాతిదే కాదు, గ్లైకాల్ జాతిది. స్టీరింగ్ సీళ్ళు పెట్రోలియం ఆయిల్‌కి సరిపడే నైట్రైల్ రబ్బరువి. గ్లైకాల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పొరపాటున పోసి ఉంటే ఇంజన్ స్టార్ట్ చెయ్యకండి. మొత్తం తీయించి కడిగించండి.

"ఖరీదైనది, కొత్తది పోస్తే మంచిదేగా" అనే వాదం రెండోది. చదువుకున్నవాళ్ళే ఎక్కువగా దీనికి లొంగిపోతారు. డెక్స్రాన్ సిక్స్ 2005లో వచ్చింది. అది త్రీ కంటే పలచన. తన బండ్లలో పాత డెక్స్రాన్ల బదులు వాడొచ్చని జనరల్ మోటార్స్ చెప్పింది, నిజమే. ఆ హామీ తన బండ్లకే. అరిగిన పాత పంపులో పలచని ఆయిల్ ఒత్తిడి పట్టకుండా పక్కలనుంచి జారిపోతుంది. 2006 చివరితో డెక్స్రాన్ త్రీకి లైసెన్సులు ఇవ్వడమూ ఆగిపోయింది. ఇవాళ డబ్బా మీద 'డెక్స్రాన్ త్రీ' అని ఉంటే అది తయారీదారు తనకి తాను ఇచ్చుకున్న మాటే. అందుకే సీలు విప్పని, పేరున్న తయారీదారు డబ్బానే కొనాలి. లూజు ఆయిల్ జోలికి పోకూడదు. లీకు ఆపుతామని అమ్మే మందుల సంగతీ అంతే. అవి రబ్బరుని ఉబ్బించి కొన్నాళ్ళు కారకుండా చేస్తాయి. అరిగిన సీలు మాత్రం అరిగిన సీలే.

"పాతికేళ్ళ బండికి ఇంత చాదస్తమా?" అంటారు. పాతది కాబట్టే. కొత్త బండ్లలో చాలావాటికి స్టీరింగ్‌ని మోటారు తిప్పుతోంది, అక్కడ ఆయిలే లేదు. అందువల్ల కొట్లలో సరైన ఆయిల్ నిల్వా తగ్గుతోంది, తెలిసినవాళ్ళూ తగ్గుతున్నారు. పాత బండి ర్యాక్ పోతే కొత్తది దొరకదు. దొరికినా వేలల్లో ఖర్చు. శ్రీశైలం ఘాట్‌లో మలుపు మధ్య పంపు చేతులెత్తేస్తే, అసలు పవర్ స్టీరింగ్ లేని అంబాసిడర్ కంటే ఎక్కువ బరువు చేతుల మీద పడుతుంది. ఎందుకంటే ఆ గేరింగు పంపు సాయం ఉంటుందన్న లెక్కతోనే చేసింది.

"ఆ ఆయిల్ మా ఊళ్ళో దొరకదండీ" అనే మాటకి మాత్రం నేను తల వంచుతాను. అది నిజమైన ఇబ్బంది. దానికీ దారి ఉంది. తప్పనిసరైతే ఇంకో స్టీరింగ్ ఫ్లూయిడ్ పోసి ఇల్లు చేరి, ఆ తర్వాత మొత్తం కడిగి అసలుది నింపమని హోండా వాళ్ళ పుస్తకమే చెబుతుంది. అత్యవసరం వేరు, అలవాటు వేరు.

కడగడం బ్రహ్మవిద్య కాదు. పోయిన దసరాకి నా క్వాలిస్‌కి పక్కన నిలబడి చేయించాను. ముందు చక్రాలు జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టారు. ఆయిల్ డబ్బాకి తిరిగొచ్చే పైపు ఊడదీసి ఖాళీ నీళ్ళ సీసాలో పెట్టారు, డబ్బా వైపు రంధ్రం మూసేశారు. ఇంజన్ ఆపే ఉంది. కుర్రాడు సీట్లో కూర్చుని చక్రాన్ని ఈ చివరనుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పుతుంటే సీసాలోకి కాఫీ డికాషన్ లాంటిది పడింది. తిప్పే కొద్దీ పైనుంచి కొత్తది పోశాం. సీసాలో పడేది శుభ్రమైన ఎరుపుకి తిరిగేసరికి ఒక లీటరు పైచిలుకు పట్టింది. పాతది తెల్లగుడ్డ మీద పోసి ఎండలో చూస్తే ఇనుప రజను సన్నగా మెరిసింది. పైపు బిగించాక ఇంజన్ స్టార్ట్ చేసి, చక్రాన్ని చివర్లలో అయిదు సెకన్లకి మించి బిగపట్టకుండా, డబ్బాలో నురగ చచ్చేదాకా తిప్పించాను. నురగ ఎంతకీ చావకపోతే ఎక్కడో గాలి పీలుస్తున్నట్టు. అప్పుడు పంపుకి వెళ్ళే పైపు క్లిప్పులు చూడాలి.

మీ దగ్గర పాత బండి ఉంటే ఈ ఆదివారం బానెట్ ఎత్తండి. స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత గుడ్డతో తుడిచి, మీద ఏం రాసుందో ఫోన్లో ఫోటో తీసుకోండి. కొట్టుకెళ్ళినప్పుడు రంగు చెప్పకుండా ఆ ఫోటో చూపించండి. అక్షరాలు చెరిగిపోతే బండితో వచ్చిన పుస్తకం చూడండి. పుస్తకమూ లేకపోతే కంపెనీ సర్వీసు సెంటర్లో ఛాసిస్ నంబరు చెప్పి అడగండి. ఏ ఆయిలో తేలేదాకా, ఎంత పెద్ద మేస్త్రినైనా సరే, ఆ డబ్బాలో ఒక్క చుక్క పొయ్యనివ్వకండి.