ముందు గంట కొట్టండి, లెక్కలు తర్వాత

ప్రొడక్షన్ సపోర్టు అంటే మనవాళ్ళకి ఎంత చిన్నచూపో కొత్తగా చెప్పక్కర్లేదు. "ఏ ప్రాజెక్టురా?" అని అడిగితే డెవలప్‌మెంటు వాడు అరగంట చెప్తాడు, సపోర్టు వాడు మాట మార్చేస్తాడు. పెళ్ళిచూపుల దగ్గర కూడా "అబ్బాయిది సపోర్టేనట, నైట్ షిఫ్టులట" అని గుసగుసలు. అర్ధరాత్రి అలర్టు రావడం, లేచి చూడటం, చెప్పాల్సినవాళ్ళకి చెప్పడం... ఇదంతా తెలివైనవాళ్ళు చేసే పని కాదని మన ఇండస్ట్రీలో గట్టి నమ్మకం. ఈ నమ్మకం శుద్ధ తప్పని నేను చాలారోజులుగా వాదిస్తున్నాను. నా వాదనకి అన్నిటికంటే గట్టి సాక్ష్యం మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలోనూ దొరకలేదు, ఆకాశంలో దొరికింది. గామా కిరణాల పేలుళ్ళని వేటాడేవాళ్ళ కథ అది. మామూలుగా దీన్ని టెలిస్కోపుల కథగా చెప్తారు. నా లెక్కలో ఇది అలర్టుల కథ.

ముందు అసలు సంగతి. 1963లో అణుపరీక్షల నిషేధ ఒప్పందం జరిగాక, రష్యావాళ్ళు దొంగచాటుగా బాంబులు పేలుస్తారేమోనని అమెరికా వేలా అనే ఉపగ్రహాల్ని పైకి పంపింది. అణుబాంబు పేలితే గామా కిరణాలొస్తాయి కాబట్టి వాటిల్లో గామా కిరణాల డిటెక్టర్లు పెట్టారు. 1967 జులై 2న గామా కిరణాలు వచ్చాయి కానీ, బాంబు పేలినట్టు లేవు. తర్వాత అలాంటివే మరికొన్ని. అవి భూమ్మీంచీ కాదు, సూర్యుడి నుంచీ కాదు అని తేల్చుకుని లాస్ అలమోస్ వాళ్ళు పేపరు అచ్చేసేసరికి 1973 అయింది. ఆరేళ్ళు! మన భాషలో చెప్పాలంటే, టికెట్ ఓపెన్ చేసిన ఆరేళ్ళకి మొదటి స్టేటస్ మెయిలు వెళ్ళిందన్నమాట. వాళ్ళని తప్పుపట్టడం లేదు, అది రక్షణశాఖ సరంజామా, పైగా నిర్ధారించుకోకుండా ఏం చెప్తారు?

చిక్కంతా ఎక్కడుందంటే, గామా కిరణాలు మామూలు కటకాలకీ అద్దాలకీ లొంగవు. అందుకని పేలుడు జరిగిందని తెలుస్తుంది గానీ, ఎక్కడ జరిగిందో సరిగ్గా తెలీదు. 1991లో ఎగిరిన కాంప్టన్ ఉపగ్రహం మీద బాట్సీ అనే పరికరం ఉండేది. ఎనిమిది మూలల్లో ఎనిమిది డిటెక్టర్లు. దేనికి ఎక్కువ కిరణాలు తగిలాయి, దేనికి తక్కువ తగిలాయి అని పోల్చి దిక్కు అంచనా వేసేది. కళ్ళు మూసుకుని, చప్పుడు ఏ చెవికి గట్టిగా వినిపించిందో చూసి మనిషి ఎటున్నాడో చెప్పడం లాంటిదే. అంచనాలో కొన్ని డిగ్రీల తేడా మామూలు. పున్నమి చంద్రుడు అర డిగ్రీ వెడల్పుంటాడు, అంటే పదుల కొద్దీ చంద్రులు పట్టేంత చోటులో వెతుక్కోవాలి. 2000 సంవత్సరం దాకా బాట్సీ ఇలా 2704 పేలుళ్ళు పట్టింది, రోజుకి దాదాపు ఒకటి. అవి ఆకాశమంతా సమానంగా చల్లినట్టు ఉండటంతో, మన పాలపుంతకి చాలా దూరం నుంచే వస్తున్నాయని బోడాన్ పచిన్‌స్కీ, కాదు మన గెలాక్సీ చుట్టుపక్కలే అని డొనాల్డ్ లాంబ్ 1995లో వాషింగ్టన్‌లో బహిరంగంగా వాదించుకున్నారు. వెయ్యికి పైగా పేలుళ్ళ డేటా పెట్టుకుని కూడా, పక్కవీధో పరాయిదేశమో తేల్చలేని పరిస్థితి.

తేల్చేది ఒక్కటే. పేలుడు తర్వాత అక్కడ కాసేపు మిగిలే వెలుగు. ఇంగ్లీషులో ఆఫ్టర్‌గ్లో అంటారు, నేను మలివెలుగు అంటున్నాను, ఇంతకంటే మంచి మాట ఎవరైనా చెప్తే మార్చుకుంటా. ఎక్స్ కిరణాల్లో, మామూలు కాంతిలో, రేడియోలో కనిపిస్తుందిది. మామూలు కాంతిలో దొరికితే మామూలు టెలిస్కోపుతో చోటు తెలుస్తుంది, వర్ణపటం తీస్తే దూరం తెలుస్తుంది. కాకపోతే అది ఆరిపోతూ ఉంటుంది, అదీ దారుణంగా. చాలా పేలుళ్ళలో సుమారుగా కాలానికి విలోమంగా తగ్గుతుంది. ముతక లెక్క చూడండి. ఒక నిమిషం దగ్గరున్న వెలుగు 100 నిమిషాలకి వందో వంతవుతుంది. వంద రెట్లు ఎక్కువ కాంతి పట్టాలంటే అద్దం పది రెట్లు వెడల్పుండాలి. అంటే నిమిషంలో తలతిప్పి చూసిన 40 సెంటీమీటర్ల బుల్లి టెలిస్కోపు, 100 నిమిషాలకి తీరిగ్గా వచ్చిన 4 మీటర్ల టెలిస్కోపుతో సమానం! ఆ రెంటి మధ్య ఖరీదు తేడా ఎంతో మీరే ఊహించుకోండి. అలర్టు తొందరగా పంపడమంటే పెద్ద అద్దం ఉచితంగా కొన్నట్టే.

ఇది బాగా అర్థం చేసుకున్న మనిషి నాసా గొడార్డ్‌లో పనిచేసిన స్కాట్ బార్తెల్మీ. 1993లో ఈయన బాకోడైన్ అని ఒక వ్యవస్థ మొదలెట్టాడు. బాట్సీ నుంచి డేటా దిగుతుండగానే ప్రోగ్రాము దిక్కు లెక్కేసి, ఇంటర్నెట్ సాకెట్ల మీద, ఈమెయిలులో, చివరికి పేజర్లకి కూడా, సెకన్లలో పంపేది. మధ్యలో మనిషి లేడు, అప్రూవల్ లేదు. తర్వాత దానిపేరు జీసీఎన్ అయింది. నన్నడిగితే ఈ రంగంలో అన్నిటికంటే గొప్ప పరికరం ఇదే, దీనికి అద్దం లేదు, కటకం లేదు, ఉట్టి మెసేజింగ్ సిస్టమ్. ఇప్పుడది కాఫ్కా మీద కూడా నడుస్తోంది. మీరు ఆఫీసులో బ్యాంకు లావాదేవీలకి వాడే అదే కాఫ్కా. కావాలంటే ఇవాళ రాత్రే మీరూ సబ్‌స్క్రైబ్ అయిపోవచ్చు, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు.

ఫలితం? 1997 ఫిబ్రవరి 28న ఇటలీ, డచ్చి వాళ్ళ బెప్పోశాక్స్ ఉపగ్రహం ఒక పేలుడు చోటు ఎక్స్ కిరణాలతో కచ్చితంగా పట్టింది. యాన్ వాన్ పారడైస్ బృందం 21 గంటల్లోపే లా పాల్మాలోని హెర్షెల్ టెలిస్కోపుతో ఫోటో తీయించింది. మార్చి 8న మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చుక్క మాయం. మలివెలుగు దొరకడం అదే మొదటిసారి. అదే ఏడాది మే నెలలో ఇంకో పేలుడుకి కెక్ టెలిస్కోపుతో దూరం కొలిస్తే వందల కోట్ల కాంతి సంవత్సరాలని తేలింది. పచిన్‌స్కీ చెప్పిందే నిజం.

నాకు ఇష్టమైనది మాత్రం దీని తర్వాతది. 1999 జనవరి 23. బాట్సీ అలర్టు జీసీఎన్ ద్వారా న్యూమెక్సికోలో ఉన్న రోట్సీకి అందింది. రోట్సీ అంటే మహా టెలిస్కోపేం కాదు, నాలుగు కెనాన్ టెలిఫోటో లెన్సులు ఒక యంత్రానికి బిగించినవి. క్రికెట్ మ్యాచిలో బౌండరీ బయట ఫోటోగ్రాఫర్ల దగ్గరుండే సరుకు. అది పేలుడు మొదలైన 22 సెకన్లకే ఫోటోలు తీయడం మొదలెట్టింది. బాట్సీ చెప్పిన చోటు కొన్ని డిగ్రీలు అటూఇటూ ఉన్నా ఫరవాలేదు, రోట్సీ ఒకేసారి 16 డిగ్రీల వెడల్పు చూస్తుంది. సుమారు 900 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పేలినది, ఆ కాసేపు బైనాక్యులర్స్‌లో కనిపించేంత మెరిసింది. పేలుతుండగానే వచ్చిన వెలుగుని పట్టడం అదే మొదలు. అన్నట్టు, అదే పేలుడు మలివెలుగుని తర్వాత మన నైనితాల్‌లో 104 సెంటీమీటర్ల టెలిస్కోపుతో కూడా చూశారు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఒకళ్ళకి తెల్లారితే ఇంకొకళ్ళు అందుకోవాలి. ఆఫ్‌షోర్ మోడల్ అనుకోండి.

ఇక్కడ మా ఫ్రెండొకడు ఎప్పుడూ ఒక అడ్డం వేస్తాడు. "నిర్ధారణ లేకుండా గంట కొడుతూ పోతే 'నాన్నా పులి' కథ అవుతుంది కదరా" అని. మంచి ప్రశ్నే. నేను చేసిన ఒక ప్రాజెక్టులో సరిగ్గా ఈ మాట చెప్పే, కారణం దొరికేదాకా ఎవరికీ మెయిలు వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. సర్వరు పడిపోయి మూడు గంటలైనా "అనాలిసిస్ జరుగుతోంది" అనే మాట కూడా బయటకి పోదు. ఈలోగా పక్క టీము అదే సమస్యని వాళ్ళ కోడ్‌లో వెతుక్కుంటూ ఉండేది.

కానీ ఆ కథలో కుర్రాడు చేసిన తప్పు తొందరగా అరవడం కాదు, లేని పులిని ఉందనడం. జీసీఎన్ అలర్టు "పులి" అనదు. "తూర్పున ఏదో కదిలింది, ఇన్ని డిగ్రీలు అటూఇటూ, ఇంత బలంగా, పులో పిల్లో ఇంకా తెలీదు" అంటుంది. నీకెంత తెలీదో అది కూడా ఒక ఫీల్డుగా పెట్టి పంపడం అన్నమాట. ఎవడికి ఎంత కావాలో వాడే వడపోసుకుంటాడు. తర్వాత మెరుగైన చోటు వస్తే ఇంకో మెసేజి, కాదని తేలితే ఉపసంహరణ. 2004 నవంబరులో ఎగిరిన స్విఫ్ట్ ఉపగ్రహం ఈ పద్ధతికి పరాకాష్ఠ. వేల కొద్దీ సీసం పలకల జల్లెడ నీడ డిటెక్టరు మీద ఎలా పడిందో చూసి కొన్ని ఆర్కుమినిట్ల లోపు చోటు చెప్తుంది. ఎవరినీ అడక్కుండా తనే ఒకటిన్నర నిమిషం లోపు అటు తిరుగుతుంది, తన ఎక్స్ రే టెలిస్కోపుతో కొన్ని ఆర్కుసెకన్లకి కుదిస్తుంది. అడుగడుగునా కిందకి మెసేజిలే.

తప్పు జరిగితే ఏమవుతుందో 2022 అక్టోబరు 9న చూశాం. ఇప్పటిదాకా చూసినవాటిలో అత్యంత ప్రకాశవంతమైన పేలుడు అది, జీఆర్‌బీ 221009ఎ. పేలినప్పుడు స్విఫ్ట్‌కి భూమి అడ్డం. 53 నిమిషాల తర్వాత అడ్డం తొలగాక చూస్తే మలివెలుగే అలారం మోగేంత ధాటిగా ఉంది. చోటు చూస్తే పాలపుంత పట్టీ పక్కన. మన గెలాక్సీలోనే కొత్తదేదో వెలిగిందనుకుని, ఒక పేరు కూడా పెట్టి మెయిలు పంపేశారు. కొన్ని గంటలకి, ఫెర్మీ ఉపగ్రహం ముందే చూసిన పేలుడూ ఇదీ ఒకటేనని తేలి, దిద్దుబాటు వెళ్ళింది. దూరం 200 కోట్ల కాంతి సంవత్సరాల పైమాటే! అంత తేడా. కానీ చోటు మాత్రం కరెక్టు. అందరి టెలిస్కోపులూ అప్పటికే అటు తిరిగి ఉన్నాయి. వాళ్ళు గనక "అసలేంటో తేలాక చెప్దాం" అని కూర్చుని ఉంటే ఆ గంటలు మళ్ళీ రావు. ఇలాంటిది పదివేల ఏళ్ళకోసారి అని అంచనా.

గంట అందరికీ వినిపించేలా కొట్టడం వల్ల ఇంకో లాభం, ఎవడు గెలుస్తాడో ముందే చెప్పలేం. 2003లో దక్షిణాఫ్రికాలో బెర్టో మోనార్డ్ అనే ఔత్సాహికుడు తన సొంత టెలిస్కోపుతో ఒక మలివెలుగు కనిపెట్టాడు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు గుద్దుకున్నప్పుడు గురుత్వ తరంగాలు వచ్చిన 1.7 సెకన్లకి ఫెర్మీ గామా కిరణాల్ని చూసింది. వెతకాల్సిన మేర ముప్పై చదరపు డిగ్రీల పైన. ప్రపంచమంతా ఎగబడితే, ముందు పట్టింది చిలీలోని స్వోప్ అనే ఒక మీటరు టెలిస్కోపు. ఎలాగంటే ఆకాశమంతా గాలించకుండా, ఆ దూరంలో ఉన్న గెలాక్సీల జాబితా రాసుకుని ఒక్కోటీ చూసుకుంటూ పోయారు. ఫుల్ టేబుల్ స్కాన్ చెయ్యలేదు, ఇండెక్స్ వాడారు. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఎన్‌జీసీ 4993 పక్కన కొత్త చుక్క.

ఇక మన సంగతి. వెంటపడి చూసే పనిలో మనం తక్కువేం కాదు. లదాఖ్‌లో హాన్లే దగ్గర 2018లో మొదలైన 70 సెంటీమీటర్ల గ్రోత్ ఇండియా టెలిస్కోపు పూర్తిగా రోబో. యూరప్‌కీ ఆస్ట్రేలియాకీ మధ్య రాత్రిని కాపు కాసేది అలాంటివే. శ్రీహరికోట నుంచి 2015లో ఎగిరిన ఆస్ట్రోశాట్ 600కి పైగా పేలుళ్ళు నమోదు చేసింది. కాకపోతే డేటా కిందకి దిగాక వెతికి పట్టినవి అవి. అప్పటికి మలివెలుగు సగం ఆరిపోయి ఉంటుంది. అంటే మనకి పరుగెత్తేవాళ్ళున్నారు, గంట మాత్రం పక్కవాళ్ళది. ఆ పక్కవాళ్ళ గంట కూడా పాతబడింది. సూర్యుడి ఉద్ధృతికి వాతావరణం ఉబ్బి స్విఫ్ట్ కక్ష్య కిందకి జారిపోతుంటే, 2025 సెప్టెంబరులో నాసా ఒక చిన్న కంపెనీకి 3 కోట్ల డాలర్లిచ్చి దాన్ని పైకి నెట్టే పని అప్పజెప్పింది. చైనా, ఫ్రాన్సు కలిసి 2024 జూన్‌లో స్వోమ్ పంపాయి. దానికోసం అలర్టులు అందుకోడానికే ప్రపంచం చుట్టూ పదుల కొద్దీ రేడియో యాంటెన్నాలు పాతారు. వాళ్ళకి విషయం అర్థమైంది.

ఐఐటీ బొంబాయి వాళ్ళు మరికొన్ని సంస్థలతో కలిసి 'దక్ష' అని ఒక ప్రతిపాదన తయారుచేశారు. భూమికి అటొకటి ఇటొకటి రెండు ఉపగ్రహాలు, భూమి అడ్డం వచ్చే సమస్యే లేకుండా ఆకాశమంతా ఎప్పుడూ కాపలా. నా ఓటు అయితే దీనికే. పెద్ద అద్దాలకి డబ్బులు అడిగితే మంత్రిగారు వచ్చి కొబ్బరికాయ కొట్టడానికి ఒక భవనం ఉంటుంది, అలర్టు వ్యవస్థకి ఆ సౌలభ్యం లేదు, అదే దీని ఖర్మ. సరిగ్గా సపోర్టు టీము ఖర్మే. జీసీఎన్‌కి సబ్‌స్క్రైబ్ అవ్వడానికి పైథాన్‌లో పదిహేను లైన్లు చాలు. ఈ వారాంతం ఖాళీగా ఉన్నవాళ్ళు రాసి చూడండి, ఎక్కడైనా ఇరుక్కుంటే వ్యాఖ్యల్లో అడగండి, నాకు తెలిసినంత చెప్తాను.