దుప్పటి మీది దుకాణం

స్పెయిన్ దేశంలోని బార్సిలోనా వీధుల్లో, ప్రసిద్ధ సంస్థల పేర్లు గల నకిలీ హ్యాండ్‌బ్యాగులను నేలపై దుప్పటి పరచి అమ్మేవారిలో అనేకులు సెనెగల్ నుండి వలస వచ్చిన యువకులు. ఆ దుప్పటి కొసలకు తాళ్లు కట్టి ఉంటాయి. పోలీసులు కనబడగానే తాళ్లు లాగితే చాలు, దుకాణమంతా మూటయై భుజమెక్కుతుంది. దుప్పటిని అక్కడి భాషలో ‘మంతా’ అంటారు.

నకిలీల అమ్మకం నేరమే. ఒకరు ఆర్జించుకొన్న పేరును అపహరించడం చౌర్యం కాక మరేమిటి? అయితే ఇక్కడ మోసపోయినదెవరు? అంత ఖరీదైన వస్తువు వీధిలో అంత చౌకగా దొరకదని పర్యాటకునికి తెలియదా? తెలిసే కొంటాడు, స్వదేశంలో ఇరుగుపొరుగువారిని నమ్మించడానికే కొంటాడు. పరుగెత్తవలసినవాడు మాత్రం అమ్మేవాడు! ఈ విషయంలో ఇటలీ చట్టమే మేలు. అక్కడ కొన్నవారికి సైతం 7,000 యూరోల వరకు జరిమానా విధించవచ్చు.

కాని జరిమానాలు ఎవరికీ అన్నం పెట్టవు. అనుమతిపత్రాలు లేని వలసదారునికి చట్టబద్ధమైన కొలువు దొరకదు. దుప్పటి పరవక ఏం చేస్తాడు? బార్సిలోనా వీధివర్తకులు 2015లో సంఘంగా ఏర్పడ్డారు. తమను ఎత్తిపొడిచే మాటనే పేరుగా స్వీకరించి, 2017లో ‘టాప్ మంతా’ అనే సొంత ముద్రతో దుస్తుల అమ్మకం ఆరంభించారు. 2021లో పాదరక్షలు కూడా తెచ్చారు. వాటి పేరు ‘అందే దెమ్’. వారి వోలోఫ్ భాషలో ‘కలిసి నడవడం’ అని దాని అర్థం.